నెలకు 80 డాలర్లు చాలు, వైన్ ఫ్రిజ్ వద్దు

మీరు అడిగింది మిగతావాళ్ళకు అర్థమయ్యేలా ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీరు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటారు. ఏడాదిగా వైన్ పిచ్చి పట్టుకుంది. ఇంటి ఖర్చులన్నీ మీ ఆవిడ చూసుకుంటారు. క్రెడిట్ కార్డు బిల్లు చూసి, వైన్‌కు నెలకు 80 డాలర్లు, అంతకు మించి ఒక్క సెంటు కూడా కుదరదని తేల్చేశారు. మీకేమో గ్యారేజీలో వైన్ ఫ్రిజ్ కావాలి, ఒక వైన్ క్లబ్బులో చేరాలి, దాచుకోవడానికి నాలుగైదు మంచి నాపా క్యాబర్నేలు (కాలిఫోర్నియా నాపా లోయ ఎర్ర వైన్లు) కొనాలి. ఆవిణ్ణి ఎలా ఒప్పించాలి, కార్క్ తీయకుండా వైన్ తీసే కోరవిన్ అనే పరికరం కొనొచ్చా అని అడిగారు.

ఒప్పించే ప్రయత్నం మానెయ్యండి. 80 చాలు. మీ జాబితాలో ఉన్న వస్తువుల్లో వైన్ గురించి మీకు ఏమైనా నేర్పేది ఒక్కటీ లేదు. ఈ విషయంలో నేను పూర్తిగా మీ ఆవిడ పక్షం.

ఈ మాట ఏ ధైర్యంతో అంటున్నానో కూడా చెప్పాలి. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. గ్రీన్ కార్డు వచ్చాక కొన్నేళ్ళపాటు శని, ఆదివారాలు ఒక వైన్ షాపు కౌంటర్‌లో పనిచేశాను. జీతం మీద ఆశతో కాదు, స్టాఫ్ డిస్కౌంట్ మీద, అక్కడ తెరిచే శాంపిల్ బాటిళ్ళ మీద ఆశతో. ఇంట్లో వందల బాటిళ్ళున్న కస్టమర్లు ఎంతోమంది వచ్చేవారు. కళ్ళు మూసుకుని రుచి చూసి ఇది ఫలానా ద్రాక్ష అని చెప్పగలిగినవాళ్ళు మాత్రం చాలావరకు 20 డాలర్ల అరల దగ్గరే తచ్చాడుతూ కనపడేవారు.

లెక్క చూద్దాం. మీ ఊళ్ళో సేల్స్ టాక్స్ 8.25 శాతం. అంటే 80లో షెల్ఫ్ ధరకు మిగిలేది 74 డాలర్ల దాకా. ఇందులో 18 డాలర్ల బాటిళ్ళు మూడు కొనండి. టాక్స్‌తో కలిపి 58న్నర అవుతుంది. మిగిలిన 21న్నర ముట్టుకోకండి. ఆరు నెలలు తిరిగేసరికి 130 డాలర్లు పోగవుతాయి. అప్పుడు ఇటలీ ఎర్ర వైన్ బరోలో ఒకటో, ఒక మంచి షాంపేనో కొనుక్కోవచ్చు. అప్పటికి అందులో ఏం వెతకాలో కూడా మీకు తెలిసి ఉంటుంది. ఇప్పుడే కొంటే సగం డబ్బు మీ నాలుకకు అందకుండానే పోతుంది.

18 డాలర్లే ఎందుకంటే, వైన్ ధరలో ఏముంటుందో ఒకసారి విప్పి చూడాలి. అమెరికాలో వైన్ తయారుచేసినవాడో దిగుమతి చేసినవాడో డిస్ట్రిబ్యూటర్‌కు అమ్ముతాడు, వాడు షాపుకు అమ్ముతాడు, షాపు మనకు అమ్ముతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఒక మార్జిన్ ఉంటుంది. దానిపైన గాజు బాటిల్, కార్క్, లేబుల్, రవాణా. ఎనిమిది డాలర్ల బాటిల్‌లో ఇవన్నీ పోగా అసలు ద్రవానికి మిగిలేది చాలా తక్కువ. 15 నుంచి 20కి వెళ్తే ఈ ఖర్చులు పెద్దగా పెరగవు, కాబట్టి పెరిగిన డబ్బులో మంచి భాగం ద్రాక్షకే వెళ్తుంది. 60, 80 దాటాక మళ్ళీ కథ మారుతుంది. అక్కడ మీరు కట్టేది కొత్త ఓక్ చెక్క పీపాలకు, భూమికి, పేరుకు. 225 లీటర్ల కొత్త ఫ్రెంచి ఓక్ పీపా వెయ్యి డాలర్ల పైమాటే. అందులో పట్టేది 300 బాటిళ్ళు. అంటే బాటిల్‌కు పీపా ఖర్చే మూడు డాలర్లు దాటుతుంది, అది మన చేతికొచ్చేసరికి మార్జిన్లన్నీ కలిసి ఇంకా పెరుగుతుంది. నాపాలో ద్రాక్షతోట ఎకరం లక్షల డాలర్లు పలుకుతుంది. ఆ భూమి అప్పు తీర్చడంలో మీ 80 డాలర్లు కూడా ఓ చెయ్యి వేస్తాయి, అంతే.

కాబట్టి పేరు మోసిన ఊరి పక్క ఊరికి వెళ్ళండి. ఫ్రాన్స్ తెల్ల వైన్ సాన్సేర్ బదులు తురెన్ సావిన్యోఁ బ్లాంక్. తెల్ల బర్గండీ బదులు మాకోఁ విలాజ్. బరోలో బదులు లాంగే నెబ్బియోలో, ద్రాక్ష అదే, కొండలు దాదాపు అవే. ఫ్రాన్స్ ఎర్ర వైన్ షాతోన్యఫ్ ద్యు పాప్ బదులు కోత్ ద్యు రోన్ విలాజ్. షాంపేన్ బదులు క్రెమాఁ ద లిమూ అనే నురగ వైన్, లేదా స్పెయిన్ నురగ వైన్ కావా. కావా కూడా షాంపేన్‌లాగే బాటిల్‌లోనే రెండోసారి పులిసేది, కనీసం తొమ్మిది నెలలు ఈస్ట్ మడ్డితోనే ఉండాలని అక్కడ నియమం. ఇవికాక నాకు ప్రత్యేకంగా ఇష్టమైనది స్పెయిన్ ఎర్ర వైన్ రియోహా క్రియాన్సా. దాన్ని రెండేళ్ళు వైనరీవాళ్ళే ఆపి, అందులో కనీసం ఏడాది ఓక్‌లో ఉంచి, తాగడానికి సిద్ధంగా మనకిస్తారు. మీరు వైన్ ఫ్రిజ్ కొని చేద్దామనుకున్న పని స్పెయిన్‌లో ఎవరో తమ ఖర్చుతో చేసిపెట్టి 15 డాలర్లకు అమ్ముతున్నారు. పోర్చుగల్‌లో దోరూ, దావ్ ప్రాంతాల ఎర్ర వైన్లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. టారిఫ్‌ల గొడవల వల్ల ఈ ధరలు ఒకటి రెండు డాలర్లు అటూ ఇటూ అవుతుంటాయి, అది మన చేతుల్లో లేదు.

షాపులో ఇంకో చిట్కా. బాటిల్ వెనక్కి తిప్పి ఇంపోర్టర్ పేరు చదవండి. ఫ్రాన్స్ వైన్లకు కెర్మిట్ లించ్, స్పెయిన్ వైన్లకు హోర్హే ఒర్దోన్యెస్, ఎరిక్ సోలమన్ లాంటివాళ్ళు స్వయంగా తిరిగి ఏరి తెచ్చేవాళ్ళు. ముందు లేబుల్ మీద ఉన్న పల్లెటూరి పేరు మీరెప్పుడూ విని ఉండకపోవచ్చు. వెనక ఈ పేర్లుంటే కళ్ళు మూసుకుని కొనెయ్యొచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, నేర్చుకోవడం. ఒక్కో బాటిల్ విడివిడిగా తాగితే ఏమీ గుర్తుండదు. రెండేసి కలిపి తెరవాలి. ఒకే ద్రాక్ష, రెండు చోట్లు. మొదటి నెల సావిన్యోఁ బ్లాంక్‌తో మొదలుపెట్టండి, ఎందుకంటే ఇది దాక్కునే రకం కాదు. న్యూజిలాండ్ మార్ల్‌బరోది ఒకటి, ఫ్రాన్స్ తురెన్‌ది ఒకటి. ఒకే రకం గ్లాసులు రెండు తీసుకుని చెరో 50 మిల్లీలీటర్లు పోయండి. మార్ల్‌బరో గ్లాసులో ముక్కు పెట్టగానే పండిన జామకాయ వాసన గుప్పుమంటుంది. దాని వెనకే, కాప్సికమ్ కోసినప్పుడు వచ్చే పచ్చి వాసన. ఆ పచ్చి వాసనకు కారణం పైరజీన్లు అనే పదార్థాలు, కాప్సికమ్‌లోనూ అవే ఉంటాయి. తురెన్‌లో జామ తగ్గుతుంది, నిమ్మతొక్క, గడ్డి కనపడతాయి. పులుపు మాత్రం రెండింటిలోనూ నోరూరేలా ఉంటుంది. పది నిమిషాలు ఆగి మళ్ళీ వాసన చూడండి. చల్లదనం తగ్గేకొద్దీ ఒకటి మారుతుంది, ఇంకోటి ఉన్నచోటే ఉంటుంది. ఏది మారిందో పుస్తకంలో రాసుకోండి. ధర, మళ్ళీ కొంటారా లేదా అన్నది కూడా. నక్షత్రాలు, వందకు మార్కులు వెయ్యకండి. ఆర్నెల్ల తర్వాత చదివితే మార్కులు మీకేం చెప్పవు, జామకాయ చెప్తుంది.

వాసనలు గుర్తుపట్టడానికి చిన్న సీసాలతో అరోమా కిట్లు అమ్ముతారు, పెద్ద సెట్లయితే వందల డాలర్లు. మీ వంటింట్లో పోపుల డబ్బా ఉందిగా, దాంతో మొదలుపెట్టండి. నాలుగు మిరియాలు దంచి పక్కన పెట్టుకుని సిరా (Syrah) అనే ఎర్ర వైన్ తాగండి. మిరియాల ఘాటును ఇచ్చే రొటండోన్ అనే పదార్థమే సిరాలోనూ ఉంటుందని 2008లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు తేల్చారు. ఓక్‌లో ఉంచిన రియోహా పక్కన లవంగం పెట్టండి. ఓక్ నుంచి వచ్చే యూజెనాల్ అనే పదార్థమే లవంగం వాసనకు మూలం. అమెరికన్ ఓక్ అయితే కొబ్బరి వాసన కూడా తగులుతుంది. గెవుర్జ్‌ట్రమీనర్ అనే తెల్ల వైన్‌లో గులాబీ, లిచీ. బాగా వయసైన రీస్లింగ్ తెల్ల వైన్‌లో కిరోసిన్ వాసన వస్తుంది, అది పాడైందని పారబోయకండి, అదే దాని గొప్ప. వైన్ పుస్తకాల్లో రాసే గూస్‌బెర్రీ, బ్లాక్ కరెంట్ పండ్లు మనం చిన్నప్పుడు తిన్నవి కావు. మీకు నేరేడుపండు అనిపిస్తే నేరేడుపండనే రాసుకోండి. టానిన్ అంటే మరేం కాదు, వగరు. వక్కపలుకు నమిలినప్పుడు చిగుళ్ళు పట్టేసినట్టుంటుందే, అది.

మీ ఆవిడ తాగకపోయినా ఈ వాసన చూసే కార్యక్రమానికి పిలవండి. రోజూ పోపు వేసే ముక్కు మీ ముక్కుకంటే చురుగ్గా ఉండే అవకాశమే ఎక్కువ. మా ఇంట్లో అయితే కార్క్ పాడైన బాటిల్‌ను, అంటే తడిసిన అట్టపెట్టె వాసన వచ్చేదాన్ని, నాకంటే ముందు కనిపెట్టేది మా ఆవిడే. ఆవిడ మాత్రం ఒక్క గుక్క తాగదు. అలాంటి బాటిల్ వస్తే వెనక్కి తీసుకెళ్ళండి, మంచి షాపులు మారు మాట్లాడకుండా మార్చి ఇస్తాయి. అదీ బడ్జెట్‌లో భాగమే.

ఇక మీరడిగిన మూడు వస్తువులు.

వైన్ ఫ్రిజ్: నెలకు మూడు బాటిళ్ళు కొని నెలలోపే తాగేసేవాళ్ళకు దాచడానికి ఏముంటుంది? గ్యారేజీ సంగతి అయితే మరీ వద్దు. జూలై, ఆగస్టుల్లో టెక్సాస్ గ్యారేజీ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ఫ్రిజ్ ఆగకుండా తిరిగి కరెంటు బిల్లు పెంచుతుంది, ఏ రోజో అది మొరాయిస్తే లోపలివన్నీ ఉడికిపోతాయి. ఇంటి లోపల, బయటి గోడకు ఆనని బట్టల క్లాజెట్‌లో కింద అర చాలు. కారు డిక్కీలో పెట్టి కిరాణా షాపుకు కూడా వెళ్ళకండి. వైన్ కొనడం ఆ రోజు ఆఖరి పనిగా పెట్టుకోండి.

వైన్ క్లబ్: వాళ్ళ దగ్గర కదలని సరుకు మీ గుమ్మం ముందుకొస్తుంది, కార్డు మీద డబ్బు దానంతటదే పోతుంది. పైగా వేసవిలో డెలివరీ ట్రక్కులో వేడికి వేగి వస్తుంది. మీ నెల డబ్బు మీ చేతుల్లోంచి పోయాక ఇక మీరు ఎంచుకునేదేముంది? దీనికి బదులు దగ్గర్లో ఒక మనిషి నడిపే షాపు చూసుకోండి. వెళ్ళి, "18 డాలర్లు దాటకూడదు, పోయినసారి ఇది నచ్చింది, ఇది నచ్చలేదు" అని మొహమాటం లేకుండా చెప్పండి. మనవాళ్ళు బడ్జెట్ చెప్పడానికి సిగ్గుపడి, చేతికందిన 40 డాలర్ల బాటిల్ తీసుకుని బయటపడతారు. కౌంటర్ ఇవతల నిలబడ్డవాడికి స్పష్టమైన అంకె చెప్పే కస్టమర్ అంటేనే ఇష్టం. చాలా షాపుల్లో వీకెండ్ టేస్టింగ్‌లు ఉచితం. 12 బాటిళ్ళు, కొన్నిచోట్ల ఆరు కలిపి కొంటే పది శాతం దాకా తగ్గిస్తారు, అన్నీ ఒకే రకం కానక్కర్లేదు. రెండు నెలల కోటా ఒకేసారి కొనేలా మీ ఆవిడతో మాట్లాడుకుంటే ఆ తగ్గింపు మీదే. కాస్ట్‌కోలో ధరలు బాగుంటాయి, కానీ సలహా చెప్పే నాథుడుండడు. ఏం కావాలో తెలిశాక వెళ్ళండి.

నాపా క్యాబర్నేలు దాచడం: పదేళ్ళ తర్వాత వీటి విలువ పెరుగుతుంది, ఇదొక పెట్టుబడి అని మాత్రం మీ ఆవిడతో అనకండి. లైసెన్సు లేని మామూలు మనిషి వైన్ తిరిగి అమ్ముకోవడం అంత తేలిక కాదు. వేలం సంస్థ ద్వారా వెళ్ళాలి, వాళ్ళ కమిషన్ వాళ్ళకుంటుంది, సరిగ్గా చల్లటి చోట దాచినట్టు రుజువు కావాలి. గ్యారేజీ ఆ రుజువు కిందికి రాదు.

ఖరీదైనవి రుచి చూడాలనుంటే అందుకు దారి గుంపు. ఒక బాటిల్ 750 మిల్లీలీటర్లు. 50 చొప్పున పోస్తే 15 మందికి సరిపోతుంది. ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ పరిసరాల్లో ఆసక్తి ఉన్న మనవాళ్ళు ఎనిమిదిమంది దొరకడం కష్టం కాదు. మనిషికి 15 డాలర్లు వేసుకుంటే 120. ఒక 70 డాలర్ల బరోలో, దాని పక్కన ఒక 25 డాలర్ల లాంగే నెబ్బియోలో, ఇంకా చీజ్‌కు కొంత మిగులుతుంది. బాటిళ్ళను బ్రౌన్ పేపర్ సంచుల్లో పెట్టి నంబర్లు వెయ్యండి. 1976లో పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే బ్రిటిష్ వైన్ వ్యాపారి ఇలాగే లేబుళ్ళు కనపడకుండా ఫ్రెంచి నిపుణుల చేత రుచి చూపిస్తే, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ 1973 (ఆ ఏటి పంట), తెల్లవాటిలో షాతో మాంటెలీనా 1973 మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ కాలిఫోర్నియావి. మీ ఎనిమిదిమందిలో ఎంతమంది చవక బాటిల్‌కు ఓటేస్తారో చూడండి. నేను పాల్గొన్న ఇలాంటి కూడికల్లో ఇది తరచూ జరిగేదే.

ఒక హెచ్చరిక. ఇలాంటి చోట ఉమ్మడానికి కప్పులు తప్పనిసరి, సిగ్గేం లేదు. తిరిగి వెళ్ళేటప్పుడు ఉబర్, లేదా తాగని భార్యో భర్తో నడపాలి. వీసా మీద ఉన్నవాళ్ళు ఇది ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. డీడబ్ల్యూఐ (తాగి బండి నడిపిన నేరం) కింద అరెస్టయితే, కోర్టులో తేలకముందే వీసా రద్దు చేసే అధికారం కాన్సులేట్‌కు ఉంది.

భోజనంతో తాగేటప్పుడు మన కారంతో జాగ్రత్త. వగరు, ఆల్కహాల్ ఎక్కువున్న క్యాబర్నేను గోంగూర మటన్‌తో పెడితే కారం రెట్టింపై నోరు మండిపోతుంది, 18 డాలర్లూ వృథా. కొంచెం తీపి తగిలే జర్మన్ రీస్లింగ్ కాబినెట్ (అందులో తేలికపాటి రకం) పెట్టి చూడండి. గోంగూర పులుపుకు దాని పులుపు సరిపోతుంది, ఆ తీపి కారాన్ని అణుస్తుంది, ఆల్కహాల్ కూడా తక్కువ. మిరపకాయ బజ్జీలకు కావా. పులిహోరకు పోర్చుగల్ తెల్ల వైన్ విన్యో వెర్దే. చేపల పులుసుకు బొత్తిగా తీపి లేని రోజే (గులాబీరంగు వైన్) కంటే కాస్త పండు రుచి ఉన్న రోజే నయం. ఆవకాయ వేసుకున్న రోజు మాత్రం మంచినీళ్ళే తాగండి, దాని ముందు ఏ వైనూ నిలవదు.

మూడు బాటిళ్ళు నెలంతా ఎలా వస్తాయని మీకు అనుమానం రావచ్చు. ఒక్కో బాటిల్ ఐదు గ్లాసులు, మూడింటికి పదిహేను. రోజు విడిచి రోజు ఒక్క గ్లాసు. అంతకంటే ఎక్కువ కావాలనిపిస్తుంటే అప్పుడు మాట్లాడాల్సింది బడ్జెట్ గురించి కాదు. మీ ఆవిడ 80 అనడం వెనక డబ్బు ఒక్కటే ఉందో, ఈ భయం కూడా ఉందో ఒకసారి నేరుగా అడగండి. మన ఊళ్ళల్లో వైన్స్ షాపు ముందు పొద్దున్నే నిలబడేవాళ్ళను చూస్తూ పెరిగిన మనిషికి ఆ భయం ఉండటంలో వింతేమీ లేదు. బిల్లులు దాచడం, ఆఫీసులో గిఫ్ట్ ఇచ్చారని బాటిల్ తేవడం లాంటివి చేయకండి. నెల మొదట్లో 80 డాలర్లు విడిగా ఒక డెబిట్ కార్డులో వేసుకోండి, అందులోంచే కొనండి, స్టేట్‌మెంట్ ఆవిడకు కనపడనివ్వండి.

ఖర్చు లేని సరదా ఒకటి మీ ఇంటికి గంట దూరంలోనే ఉంది. టెక్సోమా సరస్సుకు వెళ్తారు కదా, దారిలో డెనిసన్ ఊరు. పందొమ్మిదో శతాబ్దంలో ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్స్ ద్రాక్షతోటలను వేళ్ళతో సహా తినేస్తుంటే, దాన్ని తట్టుకునే టెక్సాస్ అడవి ద్రాక్ష వేరుమూలాలను సూచించి పంపినవాళ్ళలో ముఖ్యుడు టి.వి. మన్సన్ ఈ ఊరివాడే. 1888లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఆయనకు బిరుదిచ్చింది. కోన్యాక్ పట్టణం ఇప్పటికీ డెనిసన్‌కు సిస్టర్ సిటీ. అక్కడి గ్రేసన్ కాలేజీలో ఆయన పెంచిన ద్రాక్ష రకాలతో ఒక స్మారక తోట ఉంది. ముందు ఫోన్ చేసి వెళ్ళండి, పిల్లలను కూడా తీసుకెళ్ళొచ్చు.

ఇక చివరగా కోరవిన్. కార్క్ తీయకుండా సూదితో వైన్ తీసి, లోపలికి ఆర్గాన్ గ్యాస్ పంపే పరికరం అది. పని బాగానే చేస్తుంది. కానీ దాని ధర మీ రెండు మూడు నెలల కోటా, ఆపైన గ్యాస్ కాట్రిడ్జ్‌లు కొంటూనే ఉండాలి. దానికి బదులు ఒక 375 మిల్లీలీటర్ల చిన్న వైన్ బాటిల్, స్క్రూ మూత ఉన్నది, ఖాళీ అయ్యాక వేడినీళ్ళతో కడిగి ఆరబెట్టుకోండి. పెద్ద బాటిల్ తెరవగానే, గ్లాసులో పోయకముందే, ఈ చిన్నదాన్ని అంచు దాకా, కాస్త పొర్లేలా నింపి మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టండి. లోపల గాలి లేదు కాబట్టి నాలుగైదు రోజుల తర్వాత తెరిచినా దాదాపు మొదటిరోజులాగే ఉంటుంది. ఎర్రదైతే తాగే అరగంట ముందు బయట పెట్టుకోండి.